ఢిల్లీ లేఖ: పాటకు అరుగు కావాలి

2025 జనవరి 28వ తేదీన భువనేశ్వర్‌లో జరిగిన పెట్టుబడిదారుల సమ్మేళనంలో ప్రసంగిస్తూ ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ‘కచేరీల ఆర్థిక వ్యవస్థ’ అనే భావనకు అధికార ముద్ర వేశారు. అంతకు కొద్ది రోజుల ముందు కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ బృందం ముంబయి, అహమ్మదాబాద్‌లలో చేసిన కచేరీలను ఆయన దృష్టాంతంగా చూపారు. అహమ్మదాబాద్ క్రికెట్ మైదానంలో రోజుకు లక్షమందికి పైగా జనం టిక్కెట్లు కొని విన్న కచేరీ అది. హోటళ్లు నిండాయి, రైళ్లు నిండాయి, విమానాలు నిండాయి. దేశమంతటా ఇటువంటి కచేరీలు జరగాలని, అందుకు రాష్ట్రాలూ ప్రైవేటు రంగమూ వసతులు సమకూర్చాలని ప్రధాని పిలుపునిచ్చారు. పిలుపు మంచిదే. అభ్యంతరం చెప్పవలసిన పని లేదు.

సరిగ్గా రెండు నెలలు తిరగకముందే, మార్చి 21న, రాజధాని నగరానికే చెందిన ఒక బృందం తన రెండవ ఆల్బంను ప్రపంచ విపణిలో విడుదల చేసింది. బృందం పేరు బ్లడీవుడ్. ఆల్బం పేరు ‘నూ ఢిల్లీ’. మెటల్ సంగీతంలో ‘నూ మెటల్’ అనే ఒక శాఖ ఉన్నది. ఆ మాటకూ మన న్యూఢిల్లీకీ వియ్యం కలిపి పెట్టిన చమత్కారపు పేరు ఇది. అమెరికాలోని ఒక రికార్డు సంస్థ దీనిని ప్రచురించింది. ఒక పాటలో జపాన్‌లో మిక్కిలి ప్రసిద్ధమైన బేబీమెటల్ బృందం గొంతు కలిపింది. రాజధాని పేరునే శిరసున ధరించిన ఈ సంపుటిని గురించి రాజధానిలోని ఏ సాంస్కృతిక కార్యాలయంలోనూ చర్చ జరిగినట్లు వినలేదు. లక్షమంది కూర్చునే మైదానం మీద పడిన ఏలినవారి చూపు, రెండు వందలమంది నిలబడే గది మీద ఇంకా పడలేదు. ఈ వారపు లేఖకు ఇదే ప్రస్తావన.

బ్లడీవుడ్ కథ క్లుప్తంగా చెప్పుకోవాలి. న్యాయవాద వృత్తిలో ఉండిన కరణ్ కటియార్, గాయకుడు జయంత్ భదూలా 2016లో దీనిని ప్రారంభించారు. జనరంజకమైన పాటలను మెటల్ పద్ధతిలో హాస్యధోరణిలో పాడి వినిపించడం తొలినాటి వ్యాపకం. రావుల్ కెర్ అనే ర్యాప్ గాయకుడు వచ్చి చేరిన తరువాత హాస్యం పక్కకు తప్పుకున్నది. సొంత పాట పుట్టింది. డోలు, వేణువు, విద్యుత్ గిటార్లు కలిసిన వాద్యగోష్ఠి. హిందీ, పంజాబీ, ఇంగ్లీషు కలిసిన సాహిత్యం. 2019లో జర్మనీలోని వాకెన్ గ్రామంలో ఏటా జరిగే మెటల్ ఉత్సవంలో వీరు పాడారు. 2022 ఫిబ్రవరిలో తొలి సంపుటి ‘రక్షక్’ను సొంతంగానే వెలువరించారు. స్త్రీలపై అత్యాచారాల మీద ఒక పాట, మానసిక కుంగుబాటు మీద ఒక పాట, మతాల పేరిట చిచ్చు పెట్టే రాజకీయం మీద మరొక పాట అందులో ఉన్నాయి. రెండవ సంపుటిలో కోపం కొంత తగ్గి ఊరి మీద మమకారం పెరిగింది. తిండి తిప్పల గురించి, పోపు ఘుమఘుమల గురించి కూడా ఒక పాట కట్టారు. ఢిల్లీ గాలిని, దుమ్మును, దురుసుతనాన్ని భరిస్తూనే ఆ ఊరిని విడిచిపెట్టలేనివారి సంగీతం ఇది.

ఇది ఒంటరి చెట్టు కాదు. 1990లో ఢిల్లీలో పుట్టిన ఇండియన్ ఓషన్ బృందం 2014 తరువాత సుదీర్ఘ విరామానంతరం 2023లో ‘తూ హై’ అనే సంపుటిని తెచ్చింది. ఇదే నగరానికి చెందిన పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ 2024 ఆగస్టులో ‘బీటా’ను విడుదల చేసింది. బెంగుళూరులో 1998 నుంచి సాగుతున్న క్రిప్టోస్ 2024లో ‘డెసిమేటర్’ను అందించింది. ముంబయికి చెందిన డెమోనిక్ రెసరెక్షన్ విష్ణుమూర్తి పది అవతారాలనే వస్తువుగా తీసుకొని 2017లో ‘దశావతార్’ అనే మెటల్ సంపుటిని కూర్చింది. హైదరాబాదులో ఊపిరి పోసుకున్న గాడ్‌లెస్ బృందం 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ను వెలువరించింది. మేఘాలయలో, నాగాలాండ్‌లో, మణిపూర్‌లో గిటారు ఇంటింటి వాద్యం. ఇవేవీ సినిమా కోసం పుట్టినవి కావు. సినిమా వలన బతుకుతున్నవీ కావు. ‘ఇండిపెండెంట్ రాక్’ అన్న మాటకు మన దేశంలో మొదటి అర్థం సినిమా నుంచి స్వాతంత్ర్యమే.

ఈ శాఖల పేర్లు కొందరు పాఠకులకు కొత్త కావచ్చు. మెటల్ అంటే లోహం. 1970లో తొలి ఆల్బం తెచ్చిన బ్లాక్ సబ్బత్ బృందం బర్మింగ్‌హామ్ అనే కర్మాగారాల నగరంలో పుట్టింది. ఆ బృందంలో గిటార్ వాయించిన టోనీ అయోమీ, పదిహేడేళ్ల వయస్సులో లోహపు రేకుల కర్మాగారంలో యంత్రం కింద రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నవాడు. కృత్రిమ కొసలు తొడుక్కొని, నొప్పి తగ్గేందుకు తీగలను వదులు చేసుకొని వాయించాడు. నాదం మరింత బరువెక్కింది. ప్రపంచమంతటా వ్యాపించిన ఆ బరువైన నాదంలో ఒక కార్మికుని గాయం ఉన్నదని తెలిసినవారు దానిని ఉత్త రొద అని కొట్టివేయలేరు.

పంక్ విషయం మనవారికి మరింత సులువుగా బోధపడుతుంది. లండన్‌లో 1976-77 సంవత్సరాలలో నిరుద్యోగ యువకులు మూడే స్వరసంపుటులు నేర్చుకొని, మర్యాదస్థుల సంగీతాన్ని ధిక్కరిస్తూ వేదిక ఎక్కారు. అంతకు పదేళ్ల ముందే మన దిగంబర కవులు అటువంటి పని చేశారు. వారి మొదటి సంపుటిని 1965లో హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండవదానిని విజయవాడలో ఒక హోటలు పనివాడు, మూడవదానిని విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె ఆవిష్కరించారు. పండిత సభలను, పూలదండలను పక్కకు నెట్టి నేరుగా వీధిలోకి దిగిన ఆ తెగువ తెలిసినవారికి పంక్ అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. ఆ పంక్‌నే మరింత వేగంగా, మరింత కరకుగా మార్చి అమెరికా యువకులు 1980 ప్రాంతంలో ‘హార్డ్‌కోర్’ అన్నారు. దాని తొలి నిలయాలలో ఒకటి ఆ దేశ రాజధాని వాషింగ్టన్ కావడం గమనార్హం. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

ఇదంతా పరదేశీ రొద, మన సంప్రదాయానికి చేటు అని వాదించే పెద్దలున్నారు. ఈ వాదం కొత్తది కాదు. హార్మోనియం విదేశీ వాద్యమని, గమకం పలకదని 1940లో ఆకాశవాణి దానిని వెలివేసింది. ఆ కట్టుబాటు సడలడానికి 1971 దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఆ ముప్పై ఏళ్లూ తెలుగునాట హార్మోనియం లేకుండా ఒక్క పద్యనాటకమైనా ఆడిందా? 1952లో సమాచార మంత్రి కేస్కర్ సినిమా పాటలకు ఆకాశవాణి తలుపులు మూశారు. శ్రోతలు నిశ్చింతగా రేడియో సిలోన్‌కు తరలిపోయారు. చివరకు 1957లో వివిధ భారతి ప్రారంభించక తప్పలేదు. పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద త్యాగరాజ కృతులు పలికించినప్పుడు కనుబొమలు ముడివేసినవారే తరువాత ముందు వరుసలో కూర్చొని తల ఊపారు. వాద్యానికి జాతి లేదు. వాయించేవాని గుండెకు ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరు వినిపించినప్పుడు వాద్యం మనదవుతుంది. ‘నూ ఢిల్లీ’లో వినిపించేది ఢిల్లీయే తప్ప బర్మింగ్‌హామ్ కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంత పాట పుడుతున్న నగరంలో ఇది వినాలనుకునే పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఎక్కడికి వెళ్లాలి? కళాశాల ఉత్సవాలు ఏడాదికి కొద్ది రోజులు. మిగిలిన కాలమంతా కొత్త బృందాలు పాడుకోవడానికి దొరికే చోట్లలో అధిక భాగం మద్యం అమ్మే భోజనశాలలే. యజమానికి పాట మీద ప్రీతి ఉండవచ్చు. కాని ఆ గది అద్దెను చెల్లించేది గ్లాసే గాని గిటారు కాదు. 2009 నాటి ఢిల్లీ ఎక్సైజ్ చట్టం 25 ఏళ్లు నిండనివారికి మద్యం విక్రయించరాదని నిర్దేశించింది. ఈ వయస్సును తగ్గించాలన్న ఆలోచన పలుమార్లు చర్చకు వచ్చింది. మద్యం వయస్సు మీద నాకు తగవు లేదు. కాని ఫలితాన్ని పరికించండి. రాజ్యాంగం 61వ సవరణ పుణ్యమా అని 1989 నుంచి పద్దెనిమిదేళ్ల పౌరుడు ఓటు వేసి ప్రభుత్వాన్ని మార్చగలడు. తన వయస్సువాడు కట్టిన పాటను వినడానికి మాత్రం మద్యశాల గుమ్మం దగ్గర తటపటాయించవలసి వస్తున్నది. పాట తాగుబోతుల సరుకు కాదు. దానిని మధుశాలలో కట్టిపడవేసింది మన నగరాల కట్టడమే.

వాషింగ్టన్ కథ ఇక్కడ అక్కరకు వస్తుంది. 1980లో ఆ నగరంలోని హార్డ్‌కోర్ యువకులకూ ఇదే ఇబ్బంది ఎదురైంది. మద్యపానపు వయస్సు రానివారిని కచేరీశాలలు లోపలికి రానివ్వలేదు. వారు ఒక ఉపాయం సూచించారు. తక్కువ వయస్సువారి చేతి మీద నల్లని సిరాతో పెద్ద ఇంటూ గుర్తు వేయండి. ఆ గుర్తు ఉన్నవారికి మద్యం ఇవ్వవద్దు, పాట మాత్రం విననివ్వండి అన్నారు. ఆ గుర్తే తరువాత మద్యాన్ని బుద్ధిపూర్వకంగా విసర్జించిన యువకుల పతాకచిహ్నమైంది. అదే యువకులు అదే సంవత్సరంలో డిస్కార్డ్ అనే చిన్న రికార్డు సంస్థను నెలకొల్పి, సామాన్యునికి అందుబాటు ధరలకు రికార్డులు అమ్మారు. ఏ ప్రభుత్వమూ వారికి నిధులివ్వలేదు. ఒక తలుపు తెరుచుకుంటే చాలునన్నారు, తెరుచుకున్నది.

ఢిల్లీకి కూడా ఇటువంటి జ్ఞాపకం ఒకటి ఉన్నది. 1997 జనవరి 1న, వీధినాటక కర్త సఫ్దర్ హష్మీ స్మృత్యర్థం మండీ హౌస్ వద్ద సహ్‌మత్ సంస్థ ఏర్పాటు చేసిన సభలో ఇండియన్ ఓషన్ ఆరుబయట పాడింది. ఆనాటి కచేరీ ధ్వనిముద్రణే ‘డెజర్ట్ రెయిన్’ ఆల్బంగా వెలువడింది. స్టూడియో ఖర్చు లేదు, ప్రాయోజకుని హంగు లేదు. చలిలో ఒక అరుగు, దాని చుట్టూ జనం. ఆ అరుగు లేకపోతే ఆ ఆల్బం లేదు. మనకు ఈ మాట వింతగా తోచనక్కరలేదు. హరికథ, బుర్రకథ, వీధి భాగవతం అరుగుల మీద, పందిళ్ల కింద బతికాయే గాని పెద్ద మైదానాలలో కాదు. ఆదిభట్ల నారాయణదాసు అయినా, నాజర్ అయినా ముందుగా నూరుమంది ఎదుట నిలిచి, ఆ తరువాతనే వేలమందిని నిలబెట్టారు.

అడ్డంకులు అనేకం. ఒక చిన్న కచేరీ జరపాలంటే పోలీసుశాఖ, అగ్నిమాపక శాఖ, నగరపాలిక, ఎక్సైజు, కాపీరైటు సంస్థలు ఇలా కార్యాలయాల ప్రదక్షిణ చేయాలి. లక్షమంది కచేరీకి ఆ పని చేయడానికి ఉద్యోగుల దండు ఉంటుంది. రెండు వందలమంది కచేరీకి ఆ పని చేసేది డ్రమ్ములు వాయించే కుర్రవాడే. నిబంధనలు ఉభయులకూ సమానం; అందుకే అన్యాయం. 2025 జూన్‌లో ఢిల్లీలో ఏడు తరగతుల వ్యాపారాలకు లైసెన్సులిచ్చే బాధ్యతను పోలీసుల నుంచి తప్పించారు. వాటిలో ప్రేక్షాగారాలు, డిస్కోలు, భోజనశాలలు కూడా ఉన్నాయి. ఇది స్వాగతించదగిన చర్య. అయితే ఒక బల్ల మీది దస్త్రం మరొక బల్ల మీదికి మారినంత మాత్రాన అది పలుచబడుతుందన్న హామీ లేదు. చిన్న కచేరీలకు ఒకే దరఖాస్తు, నిర్ణీత గడువు, స్వల్ప రుసుము అనే మూడు సూత్రాలు లేనిదే సంస్కరణ పూర్తి కాదు.

ఇరుగుపొరుగువారి నిద్ర మాటేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట ధ్వనివర్ధకాలను నిషేధించాయి. ఆ నియమాన్ని పాటించవలసిందే. ఎన్నికల సభలకూ, పెళ్లి ఊరేగింపులకూ, భజన మందిరాలకూ అదే గడియారం వర్తించాలి. గిటారుకు ఒక గడియారం, బాజాకు ఒక గడియారం ఉండరాదు. సాయంత్రం ఐదింటికి మొదలై తొమ్మిదింటికి ముగిసే కచేరీ ఎవరి నిద్రనూ చెడగొట్టదు. పైగా ఆడపిల్లలు నిశ్చింతగా ఇల్లు చేరగలరు.

ఆడపిల్లల మాట వచ్చింది కనుక కాశ్మీరును తలచుకోక తప్పదు. 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో జరిగిన పోటీలో ‘ప్రగాశ్’ అనే పేరుతో ముగ్గురు పాఠశాల బాలికలు గిటార్లు పట్టి, డ్రమ్ములు వాయించి బహుమతి గెలుచుకున్నారు. ప్రగాశ్ అంటే వెలుగు. వెంటనే దూషణలు, బెదిరింపులు వెల్లువెత్తాయి. 2013 ఫిబ్రవరిలో అక్కడి ప్రధాన ముఫ్తీ ఫత్వా వెలువరించారు. ఆనాటి ముఖ్యమంత్రి అండగా మాట్లాడినా ఫలితం లేకపోయింది; బాలికలు వాద్యాలు కింద పెట్టారు. ఎవరూ చట్టంతో నిషేధించలేదు. నిలబడడానికి చోటు లేకుండా చేశారు, అంతే. పాటను అణచడానికి జైలు అవసరం లేదు. అరుగు తీసివేస్తే చాలు.

పొరుగు దేశాల అనుభవం కూడా ఇటువంటిదే. పాకిస్తాన్‌లో సూఫీ కవితను రాక్ సంగీతంతో జత చేసిన జునూన్ బృందం 1998లో అణుపరీక్షల వేడి చల్లారకముందే భారతదేశంలో పాడి, శాంతి మాట పలికినందుకు స్వదేశపు ప్రభుత్వ ప్రసారాలలో నిషేధానికి గురి అయింది. బంగ్లాదేశ్ కథ కొంత ఆశాజనకం. 1971 విముక్తి పోరాటంలో తుపాకి పట్టిన ఆజమ్ ఖాన్, యుద్ధానంతరం గిటారు పక్కన నిలబడి ఆ దేశపు రాక్ సంగీతానికి మూలపురుషుడయ్యాడు. 2018 అక్టోబరులో అయ్యూబ్ బచ్చు మరణించినప్పుడు ఢాకా, చిట్టగాంగ్ నగరాలు ఒక జాతీయ నాయకుని సాగనంపినట్లు సాగనంపాయి. అక్కడ రాక్ వంగభాషలో పాడింది. అందుకే జనంలోకి పోయింది. కేరళలో 2008 నాటి ‘అవియల్’ సంపుటి మలయాళంలో ఆ పని చేసింది. తెలుగులో అటువంటి ప్రయత్నాలు సినిమా పాట నీడలోనే మిగిలిపోతున్నాయన్నది మన యువకులు ఆలోచించవలసిన సంగతి.

డబ్బు సంగతి చెప్పి ముగిస్తాను. 2012 కాపీరైటు సవరణ చట్టం గీతకర్తకూ, స్వరకర్తకూ రాయల్టీలో తీసివేయరాని వాటా కల్పించింది. ఆనాడు రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దాని కోసం గట్టిగా నిలబడ్డారు. మేలైన చట్టమే. కాని క్యాసెట్లు పోయి, డిస్కులు పోయి, పాట ఫోనులోకి చేరిన ఈ కాలంలో ఒక వినికిడికి వచ్చేది పైసల లెక్క. 2010లో ఇండియన్ ఓషన్ తన ఆల్బంను నెలకొక పాట చొప్పున ఉచితంగా పంచిపెట్టింది. పాటను పంచి, కచేరీతో బతకాలన్నది అందులోని ఎరుక. కచేరీకి చోటే లేనప్పుడు ఆ లెక్క తప్పుతుంది. అప్పుడు మిగిలే దారులు రెండు: విదేశాలకు పోవడం, లేదా వాద్యాన్ని అటక ఎక్కించి ఉద్యోగానికి పోవడం. మొదటి దారి పట్టినవారి పేర్లు మనకు తెలుస్తాయి. రెండవ దారి పట్టినవారి పేర్లు ఎవరికీ తెలియవు.

ప్రభుత్వం ఈ బృందాలకు బిరుదులు ఇవ్వనక్కరలేదు. నిధులు అసలే వద్దు. నిధి వెంట నియంత్రణ నడిచి వస్తుంది. ప్రశ్నించే పాట ప్రభువుల పంక్తిలో కూర్చుంటే గొంతు పూడుకుపోతుంది. కోరవలసినది గది మాత్రమే. సాయంత్రాలు ఖాళీగా పడి ఉండే పాఠశాల, కళాశాల సభాభవనాలను, నగరపాలిక సముదాయ కేంద్రాలను నామమాత్రపు అద్దెకు ఇవ్వవచ్చు. అక్కడ మద్యం ఉండదు, వయస్సు అడ్డు ఉండదు. 1969లో ఢిల్లీ ఆకాశవాణి ‘యువవాణి’ని ప్రారంభించి యువతకు మైకు అప్పగించింది, ఆ స్ఫూర్తితో వారానికొక గంట కొత్త ఆల్బంలకు కేటాయించినా ఖజానాకు లోటు రాదు.

లక్షమంది కచేరీ పంట వంటిది. లెక్కకు వస్తుంది, బండ్లకెత్తవచ్చు. రెండు వందలమంది కచేరీ నారుమడి. నారు పోయకుండా కోతలకు కొడవళ్లు నూరేవానిని మన పల్లెలో ఏమంటారో పాఠకులకు తెలుసు. పరాయి పొలాల పంటను మన కళ్లాల్లో నూర్చుకొని సంబరపడే ముందు, మన మడిలో నీళ్లున్నాయో లేదో చూసుకోవడం ఏలినవారికి శోభస్కరం.